పాత స్పోర్ట్స్ కారు ఇన్సూరెన్స్: మృగశిరకు ముందే చూసుకోవాల్సినవి

ప్రీమియం తక్కువ పడిందని సంబరపడే ముందు పాలసీ మీద ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ లెక్కగట్టే విలువ, ఎంత రాసిందో చూడండి. బండికి అయిదేళ్లు దాటేదాకా తరుగుదలకు పట్టిక ఉంటుంది. ఆ తర్వాత పట్టిక లేదు, కంపెనీ, మీరు మాట్లాడుకుని ఖాయం చేసుకున్నదే ఐడీవీ. మీరు మాట్లాడకపోతే ఏజెంటు పోయినేటి అంకెలోంచి ఇంకొంత కోసి ఫారం నింపేస్తాడు. ఏటా అట్లా కోస్తూ పోతే బజారులో అయిదు లక్షలు పలికే బండి కాగితం మీద లక్షకు దిగుతుంది.

దాని దెబ్బ వానకాలంలో తెలుస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్క. లక్ష ఐడీవీ బండికి వైరింగ్, డెంటింగ్, పెయింటింగ్ కలిపి 80 వేల ఎస్టిమేట్ వచ్చిందంటే, బాగు చేసుకోదగ్గ కారు కూడా తుక్కు కిందికి పోతుంది.

ఇక ఖర్చు. మన బండివల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం ఖరారు చేసేది, బేరం లేదు. 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 2,094, 1500 లోపు 3,416, ఆపైన 7,897 రూపాయలు, జీఎస్టీ 18 శాతం వేరు. స్పోర్ట్స్ కార్లలో 1149 సీసీ శాన్ స్టార్మ్ మధ్య మెట్టులో ఉంటే, 1798 సీసీ ఎంజీబీ పై మెట్టులో పడుతుంది. సొంత నష్టం ప్రీమియం మాత్రం ఐడీవీని బట్టి పెరుగుతుంది. పాత టారిఫ్‌లో పదేళ్లు దాటిన, 1000–1500 సీసీ కారుకు హైదరాబాద్ లాంటి మహానగరాలు కాని చోట్ల రేటు 3.430 శాతం. అంటే లక్ష ఐడీవీకి 3,430, అయిదు లక్షలకు 17,150. కంపెనీలు దీనిమీద డిస్కౌంట్ ఇస్తాయి కాబట్టి అడగండి. క్లెయిమ్‌లో మొదటి 2,500 రూపాయలు మీరే పెట్టుకునే వాలంటరీ డిడక్టిబుల్‌కు ఒప్పుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. మా లెక్కలో ప్రీమియం తగ్గించుకోవడానికి ఐడీవీ కోసుకోవడం కన్నా ఇదే మేలు.

యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉంటే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. ఫీజు 20 వేలు, గడువు పదేళ్లు, థర్డ్ పార్టీ ప్రీమియం సగమే. కానీ ఆ నంబరుతో రోజూ తిరగకూడదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే. ఆదివారం నాగార్జునసాగర్ దాకా షికారు పోదామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ 22, ఏపీ 24 నంబర్ల ఆర్‌సీ పుస్తకాలు ఇంకా చాలామంది దగ్గర ఉన్నాయి. పదిహేనేళ్లు దాటాక రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంజన్ మార్పిడి. పెట్రోలు కాంటెస్సా కారులో డీజిల్ ఇంజన్ దించి ఆర్‌సీలో రాయించకపోతే, నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ బానెట్ ఎత్తగానే క్లెయిమ్ ఇరుక్కుంటుంది. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూడండి. ఆ నంబర్లున్న ప్లేటు తుప్పు పడితే గ్రైండర్‌తో గీకొద్దు, కిరోసిన్ గుడ్డతో తుడవండి.

ఇంత పాత కార్లకు ఆన్‌లైన్‌లో చాలాసార్లు థర్డ్ పార్టీ పాలసీయే దొరుకుతుంది. సొంత నష్టానికీ కవర్ కావాలంటే వాల్యుయేషన్ రిపోర్టు, నాలుగు వైపుల ఫొటోలు, రిస్టోరేషన్ బిల్లులు పట్టుకుని బ్రాంచికే పోవాలి. పాలసీ తెగితే మళ్లీ ఇన్‌స్పెక్షన్ అయ్యాకే కవర్ మొదలవుతుంది. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అందుకే గడువు జులైలో ఉన్నా మే నెలలోనే కదలాలి.

2024 సెప్టెంబరు 1 వానలకు కోదాడలో కార్లు వాగులో కొట్టుకుపోయాయి. నీళ్లలో మునిగిన బండికి చేసే పెద్ద తప్పు ఒకటే, సెల్ఫ్ కొట్టడం. సిలిండర్‌లో నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునగడం వరకు ప్రమాదం కింద క్లెయిమ్‌లోకి వస్తుంది, స్టార్ట్ చేసి విరగ్గొట్టుకున్నది మాత్రం మీ ఖాతాలోకి పోతుంది. ఇలాంటి ఇంజన్ నష్టానికి కొత్త కార్లకిచ్చే ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ మన బండికి మామూలుగా ఇవ్వరు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, నీటి గీత కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్‌లో తరలించండి. సర్వే కాకముందు ప్లగ్గులు కూడా విప్పొద్దు.

క్లెయిమ్ వచ్చినా పూర్తి డబ్బు రాదు. పదేళ్లు దాటిన బండి లోహపు భాగాల మీద 50 శాతం కోత, రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకీ అంతే. అద్దాలకు కోత లేదు. పార్టులు దొరక్క లేత్ మీద చేయిస్తే జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. చిట్టీ కాగితం మీద రాసిచ్చిన లెక్కను సర్వేయర్ పక్కన పెట్టేస్తాడు.