పాత చిత్రిక: కొనేముందు, తుప్పు తీసేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మే నెల వచ్చిందంటే అమెరికాలో ఇళ్ల ముందు పాత సామాను అమ్మకాలు మొదలవుతాయి. తాతల కాలం నాటి వడ్రంగి పెట్టెలు బయటికి వచ్చేది కూడా అప్పుడే. చెక్కపని మీద మనసు పడిన తెలుగువాళ్లు కొందరు అక్కడ వాటిలోని చిత్రికల కోసం, అంటే చెక్కను నునుపు చేసే పనిముట్ల కోసం, పొద్దున్నే బయలుదేరుతుంటారు, సెలవులకు వచ్చేటప్పుడు ఒకటో రెండో ఇంటికీ తెస్తుంటారు. వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. వందేళ్ల తుప్పు చేయని నష్టం కొన్న రోజు సాయంత్రం మన ఉత్సాహం చేస్తుంది. అది ఏ చిత్రికో తెలిసేదాకా ఉప్పుకాగితం ముట్టుకోకండి.

ఎక్కువగా కనిపించేవి స్టాన్లీ చిత్రికలు. లియొనార్డ్ బెయిలీ రూపొందించిన ఇనుప చిత్రికల పేటెంట్లను కనెక్టికట్ రాష్ట్రం న్యూ బ్రిటన్‌లోని స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1869లో కొనుక్కుంది. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ నమూనానే అనుసరించారు. 1931 నుంచి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ చిత్రికలదీ, మన దేశంలో జలంధర్‌లో తయారయ్యే వాటిదీ అదే పోలిక. పైన కనిపించే నంబరు పరిమాణానిది మాత్రమే, వయసుది కాదు. 4 అంటే 9 అంగుళాల పైచిలుకు పొడవున్న నునుపు చిత్రిక, 5 అంటే 14 అంగుళాలది, 7 అంటే 22 అంగుళాలది. 1వ నంబరు 5½ అంగుళాల బుల్లి చిత్రిక. అరుదైనది కాబట్టి ధర చాలా ఎక్కువ. కొత్తగా పోత పోసిన నకళ్లు కూడా తిరుగుతున్నాయి, కాబట్టి తెలిసినవారికి చూపించకుండా దానికి డబ్బు చెల్లించకండి.

వయసు దగ్గరే కొత్తవాళ్లు మోసపోతారు. బ్లేడును మోసే ఏటవాలు ఇనుప దిమ్మను ఫ్రాగ్ అంటారు. దాని వెనుక చిత్రిక ఒంటి మీద కొన్నిటికి పేటెంటు తేదీలు పోతపోసి ఉంటాయి. అక్కడ 1910 ఏప్రిల్ 19 అని ఉంటే అది తయారైన రోజు అనుకుని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు. అది పేటెంటు వచ్చిన రోజు మాత్రమే. 1902 నాటి రెండు తేదీలతో పాటు ఈ 1910 తేదీ కూడా ఉన్న చిత్రికను సేకర్తలు 11వ రకంగా లెక్కిస్తారు, సుమారు 1910 నుంచి 1918 మధ్య తయారైనదని చెబుతారు. బ్లేడును పైనుంచి బిగించే మూతను లీవర్ క్యాప్ అంటారు. దాని మీది రంధ్రం మూత్రపిండం ఆకారంలో ఉంటే ఆ భాగం 1930లలోనో ఆ తర్వాతో తయారైనది. బ్లేడును పక్కకు సర్దే లీవరు అసలే లేకపోతే చిత్రిక 1880ల నడిమికి ముందుది అయ్యుండవచ్చు. అయితే ఆ లీవరు విరిగిపోయిందేమో కూడా చూడండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇత్తడి కొరత వచ్చింది కాబట్టి అప్పటి చిత్రికల్లో లోతు సర్దే చక్రం ఇత్తడికి బదులు గట్టి రబ్బరుతోనో ఉక్కుతోనో కనిపిస్తుంది. దాన్ని లోపమనుకుని పారేసి ఇత్తడిది బిగించేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, ఆ చిత్రిక చరిత్ర ఉన్నది ఆ రబ్బరు చక్రంలోనే.

చిత్రిక రోజూ అన్నం పెట్టే పనిముట్టు. బ్లేడు అరిగితే వడ్రంగి మరో చిత్రిక నుంచి తీసి వేసుకున్నాడు, పిడి విరిగితే మార్చాడు. అందుకే ఒకే చిత్రికలో మూడు దశాబ్దాల భాగాలు కలిసి ఉండడం మామూలే. పనికి అది భేషుగ్గా సరిపోతుంది, కానీ సేకరణ ధర పెట్టకూడదు. ఒక్క గుర్తు చూసి ఏడాది తేల్చేయకుండా ఒళ్లు, ఫ్రాగ్, లీవర్ క్యాప్, బ్లేడు మీది ముద్ర, పిడి ఎత్తు, ఇవన్నీ ఒకే కాలాన్ని చెబుతున్నాయేమో చూడండి. పాత భాగాలు మిగిలితే కంపెనీయే వాటిని వాడేసిన సందర్భాలున్నాయి, కాబట్టి చిన్న తేడాకు కంగారు పడనక్కర్లేదు. ఇంకొక్క మాట: సేకర్తలు కూర్చిన ఈ రకాల పట్టిక బెయిలీ తరహా బల్ల చిత్రికలకు, అంటే పైన చెప్పిన 4, 5, 7 లాంటివాటికి మాత్రమే వర్తిస్తుంది. దాన్ని చిన్న బ్లాక్ చిత్రికలకో, గాడులు తీసే 45వ నంబరుకో అంటగడితే తప్పు లెక్క వస్తుంది. 45 కొనేటప్పుడు అసలు చూడవలసింది బ్లేడ్ల పెట్టె, కడ్డీలు, పక్క దిమ్మ. అవి లేకపోతే మిగిలినదానితో పెద్దగా ప్రయోజనం ఉండదు.

తుప్పుకు భయపడకండి, పగులుకు భయపడండి. ఇది పోత ఇనుము, పెళుసుది. సిమెంటు నేల మీద ఒక్కసారి పడితే చాలు. బ్లేడు బయటికి వచ్చే సందు మూలల్లో, పక్క గోడల్లో సన్నని గీతల కోసం వెలుతురులో వెతకండి. అమ్మే వ్యక్తి ఒప్పుకుంటే భాగాలన్నీ విప్పి, ఒట్టి ఒంటిని వేలి మీద ఆనించి చెక్కముక్కతో తట్టండి. కుండ కొనేటప్పుడు చేసినట్టే, మోత మొద్దుగా ఉంటే అనుమానించాలి. ఇత్తడితో అతికిన పసుపు చార, సందును ఆకురాయితో వెడల్పు చేసిన గుర్తు, పక్క గోడకు కొత్తగా వేసిన రంధ్రం, వీటిలో ఏది కనిపించినా ధర బాగా తగ్గించి అడగండి, లేదంటే వదిలేయండి. వెనుక పిడి కొమ్ము విరిగి ఉండడం సర్వసాధారణం, దాన్ని బాగుచేసుకోవచ్చు.

విప్పడానికి ముందు ప్రతి భాగం ఫొటో తీసుకోండి. పాత స్టాన్లీ మరల కొలతలు ఇప్పటి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేవి కావు. ఒక్క మర పోగొట్టుకుంటే అదే కాలపు మరో చిత్రిక కోసం వెతుక్కోవాలి. మెట్రిక్ మరను బలవంతంగా తిప్పితే పోత ఇనుములోని గాడులు పోతాయి. లోతు సర్దే ఇత్తడి చక్రం చాలా వాటిలో ఎడమ మర, అంటే మామూలు మరకు ఎదురు దిక్కున వదులవుతుంది. కదలడం లేదని పట్టకారుతో అటే ఇంకా బిగిస్తే విరిగేది మరకాడే. బిగుసుకున్న చోట తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు వాడండి. మంట మాత్రం పెట్టకండి, ఒక చోటే వేడెక్కితే పోత ఇనుము పగులుతుంది. పక్క గోడలను పట్టుడు బల్లలో బిగించినా అదే ప్రమాదం.

శుభ్రం చేసేటప్పుడు మన ఒంటికీ ఊపిరికీ కూడా ముప్పు ఉంది. పాతవాళ్లు చిత్రికలకు ఇంట్లో మిగిలిన రంగు వేసేవారు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో కాబట్టి, ఏ పాత రంగునైనా సీసం ఉన్నదిగానే చూడండి. పొడిగా గీకవద్దు, తడిపి గీకండి. సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి. పిల్లలు ఆడే చోట, వంటగదిలో ఈ పని వద్దే వద్దు. పిడులు రోజ్‌వుడ్‌వి అయితే ఆ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. పిడికి ఉప్పుకాగితం పట్టాలని తప్పనిసరిగా అనిపిస్తే చేతులు కప్పుకోండి.

మనవాళ్లకు చింతపండు చేతిలోని మందు. ఇత్తడి చక్రానికి కొద్దిగా రాసి వెంటనే కడిగితే ఇబ్బంది లేదు, కానీ ఇనుమును అందులో రాత్రంతా నానబెట్టవద్దు, గుంటలు పడతాయి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ అసలే వద్దు. దాని ఆవిరి తగిలితే గదిలో ఉన్న మిగతా పనిముట్లన్నీ తుప్పు పడతాయి. సోడా నీటిలో చార్జర్‌తో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి బాగా పనిచేస్తుంది, అయితే చిత్రికకు తగిలించని రెండో కొసకు స్టెయిన్‌లెస్ స్టీలు తగిలించకూడదు. విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలో చేరతాయి. మామూలు ఇనుప ముక్క పెట్టండి. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయండి, దగ్గర నిప్పు వద్దు, చార్జర్ ఆపిన తర్వాతే నీటిలో చేయి పెట్టండి. ఈ పద్ధతిలో జపానింగ్ అనే అసలు నల్లపూత లేచిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. తారు, అవిసె నూనె కలిపి కాల్చి పట్టించిన ఆ పూత నూటికి ఎనభై వంతులు మిగిలి ఉన్న చిత్రికను ఏ తొట్టిలోనూ ముంచకండి. పీచు, నూనె, ఓపిక చాలు. మెరుగు చక్రం మీద తళతళలాడించిన చిత్రికకు విలువ పోతుంది.

బ్లేడు నూరేటప్పుడు గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు ఉండాలి, చేతి తొడుగులు ఉండకూడదు. చక్రం తొడుగును లాక్కుంటే చేతినీ లాగుతుంది. అంచు నీలం రంగు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. తరచూ నీటిలో ముంచుతూ మెల్లగా చేయండి. పిడులకు అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరుబయట ఆరబెట్టండి, లేదా నీటిలో తడిపి మూత ఉన్న డబ్బాలో వేయండి.

చెక్క ఒళ్లున్న పాత చిత్రికలు కొంటే సన్నని రంధ్రాల నుంచి తాజా పొడి రాలుతుందేమో చూడండి. పొడి రాలుతుంటే లోపల పురుగు బతికుందని అర్థం. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, మిగతా చెక్క సామాను నుంచి దూరంగా పెట్టండి.

సామానుతో పాటు ఇక్కడికి తెస్తుంటే చిత్రికను చేతిసంచిలో పెట్టవద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. బ్లేడు తీసి, అట్టలో చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో వేయండి. ఇనుప ఒంటిని పెట్టె మధ్యలో బట్టల నడుమ పెట్టాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో అత్యంత కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. పాత స్టాన్లీ పిడులు ఆ చెక్కవే అయ్యే అవకాశం ఎక్కువ. తపాలా ద్వారా దేశం దాటించే ముందు కస్టమ్స్ నిబంధనలు అడిగి తెలుసుకోండి.

మన దగ్గర జూన్ దాటితే గాలిలో తేమ పెరుగుతుంది. వానలకు ముందే ఇనుము మీద పలుచగా యంత్రాల నూనె, పైన మైనం పట్టించి, అట్ట పెట్టె కాకుండా చెక్క పెట్టెలో, నేలకు ఎత్తులో ఉంచండి. వంటనూనెలు జిగురు కడతాయి, వాటి జోలికి వెళ్లవద్దు. నెలకోసారి తీసి బ్లేడుకూ, దాని మీద బిగించే చిప్‌బ్రేకర్ అనే ఇనుప పట్టీకీ మధ్య చూడండి, తేమ దాక్కునేది అక్కడే.