పాత పుస్తకాలు తూకానికి వేసే ముందు

మొన్న అటక దింపితే రెండు గోనెసంచుల పుస్తకాలు తేలాయి. పాత పేపర్లాయన కిలోల లెక్కన తీసుకుంటానన్నాడు గానీ నాకు మనసొప్పలేదు. మీరూ ఒక్క ఆదివారం ఆగండి.

ఇంటర్, ఎంసెట్ గైడ్లు హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల కొట్లకి పట్టుకెళ్లండి. సిలబస్ మారితే ముట్టుకోరు, బేరం ఎలాగూ తప్పదు. నవలలైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లని అడగండి.

గ్రూప్స్ పుస్తకాలు మాత్రం అమ్మకండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర చదువుకునే పిల్లలకి ఇచ్చేయండి. నేనిచ్చిన పాలిటీ పుస్తకంలో పెన్సిల్ గీతలున్నాయని మొహమాటపడుతుంటే, "అవే కావాలన్నా" అన్నాడు ఒకబ్బాయి.

బాగా పాత తెలుగు పుస్తకాలుంటే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ సుల్తాన్ బజార్‌లో ఉంది. సంచి మోసుకెళ్లే ముందు వెళ్లి అడగండి, అన్నీ తీసుకోవాలని లేదు కదా.

ఇంకోటి. ఇచ్చేముందు ప్రతి పుస్తకాన్నీ అట్టలు పట్టుకుని తలకిందులుగా దులపండి. మా నిఘంటువులోంచి నాన్న పాత బస్ పాస్, ఒక వంద నోటు రాలాయి. చెదలు తిన్నవి ఎవరికీ అంటగట్టొద్దు, వాటికి తూకమే గతి.