సెల్లార్ ఒకరికి, పై ఇల్లు ఇంకొకరికి ఇస్తున్నారా? తవ్వకానికి ముందే తేల్చుకోవాల్సినవి

ఇల్లు కట్టే కాంట్రాక్టర్‌కి సెల్లార్ పని అలవాటు లేకనో, అతను చెప్పిన రేటు మరీ ఎక్కువనిపించో, ఆ ఒక్క పనిని వేరే కాంట్రాక్టర్‌కి ఇస్తుంటారు. తప్పేమీ లేదు. లోతు తవ్వకం, రిటైనింగ్ గోడలు (చుట్టూ ఉన్న మట్టిని ఆపే గోడలు), వాటర్‌ప్రూఫింగ్ తెలిసినవాళ్లు చేస్తేనే మంచిది కూడా. చిక్కల్లా తర్వాత వస్తుంది. గోడ చెమ్మగిల్లిన రోజున కింద కట్టినాయన పైవాళ్లని చూపిస్తాడు, పైన కట్టినాయన కిందివాళ్లని చూపిస్తాడు, మధ్యలో మీరు మిగులుతారు. అందుకే రేటు మాట్లాడేముందే ఒకరి పని ఎక్కడ ఆగుతుందో, రెండోవారిది ఎక్కడ మొదలవుతుందో తేల్చేయండి.

అగ్రిమెంట్‌లో "సెల్లార్ పని మొత్తం" అని ఒక్క ముక్క రాసుకుంటే చాలదు. సెల్లార్ మీది శ్లాబ్ ఎవరిది? గోడల వెనక మట్టి నింపేదెవరు? మిగిలిన మట్టి ఎత్తించేదెవరు? గుంతలో నీళ్లు తోడే పంపు, దాని కరెంటు ఎవరి ఖాతా? మెట్లు, ర్యాంపు ఎవరు వేస్తారు? గొడవలన్నీ వీటి దగ్గరే పుడతాయి. నన్నడిగితే వాటర్‌ప్రూఫింగ్, సెల్లార్ పై శ్లాబ్, మట్టి నింపడం, ఈ మూడూ సెల్లార్ కాంట్రాక్టర్ చేతిలోనే ఉంచాలి.

ఎందుకంటే, చాలా ఇళ్లలో రిటైనింగ్ గోడకి కింద రాఫ్ట్ (సెల్లార్ అడుగంతా పరిచే కాంక్రీట్ పలక), పైన శ్లాబ్ రెండూ ఆసరాగా ఉంటాయన్న లెక్కతోనే డిజైన్ చేస్తారు. శ్లాబ్ పడకముందే వెనక మట్టి నింపితే గోడ పై అంచుకి పట్టు ఉండదు. ఒక ఘనమీటరు మట్టి సుమారు 1.6 నుంచి 1.8 టన్నులు తూగుతుంది, వానకి తడిస్తే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గోడ లోపలికి ఒరుగుతుంది, లేదంటే అడ్డంగా పగులుతుంది. శ్లాబ్ తనది కానప్పుడు బిల్లు తీసుకుని వెళ్లాలన్న తొందరలో ఎవరైనా మట్టి నింపేయచ్చు. ఎప్పుడు నింపాలో స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో రాయించుకుని ఆ కాగితాన్ని అగ్రిమెంట్‌కి జతచేయండి. నింపేటప్పుడు 20–30 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిస కొట్టించాలి. జేసీబీని గోడకి ఆనుకుని నడపనివ్వద్దు.

ఇక చాలామంది ఊహించని ప్రమాదం, ఇద్దరు కాంట్రాక్టర్ల మధ్య వచ్చే ఖాళీ రోజులు. సెల్లార్ వాళ్లు పని ముగించి వెళ్లిపోయారు, పై ఇల్లు కట్టేవాళ్లు ఇంకా పనిలోకి దిగలేదు, ఈలోగా వానలు పట్టుకున్నాయి. గోడల చుట్టూ ఖాళీగా ఉన్న గుంత నీళ్లతో నిండుతుంది. ఆ నీరు సెల్లార్‌ని కింది నుంచి పైకి తోస్తుంది. లెక్క చూడండి: 30 సెంటీమీటర్ల మందం రాఫ్ట్ చదరపు మీటరుకి సుమారు 750 కిలోలు ఉంటుంది. రాఫ్ట్ అడుగు నుంచి నీరు 75 సెంటీమీటర్లు ఎక్కితే చాలు, ఆ బరువు మొత్తం తేలిపోతుంది. గోడల బరువు కొంత ఆపుతుంది, నిజమే. కానీ పైన ఇల్లు లేని సెల్లార్‌ని ఆ బరువు ఎంతోసేపు ఆపలేదు. ఒక మూల లేచి ఒరిగిందంటే దాన్ని మళ్లీ లెవెల్‌కి తేవడం దాదాపు అయ్యే పని కాదు. కాబట్టి పంపు ఎప్పుడు ఆపచ్చో ఇంజనీర్ చెప్పాలి, మేస్త్రీ కాదు. ఖాళీ రోజుల్లో పంపు దగ్గర ఉండే మనిషి ఎవరు, డీజిల్ డబ్బులు ఎవరివి అన్నది ముందే పేరు పెట్టి రాసుకోండి. కుదిరితే ఇంటి కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్ అయ్యాకే సెల్లార్ తవ్వించండి. అసలు వానలు దగ్గరపడుతుంటే తవ్వకమే వాయిదా వేసుకోవడం మేలు.

అప్పగింత రోజున ఇద్దరూ సైట్‌లో ఉండాలి, ఇంజనీర్ కూడా ఉంటే టెన్షన్ ఉండదు. టేపు పట్టుకుని మూల నుంచి మూలకి కొలవండి. ఇల్లు 12 మీటర్లకి 9 మీటర్లు అయితే మూల నుంచి మూలకి రెండు కొలతలూ సరిగ్గా 15 మీటర్లు రావాలి. ఒకటి 15, ఇంకొకటి 15.08 వచ్చిందంటే సెల్లార్ పక్కకి వాలిన దీర్ఘచతురస్రంలా ఉందన్నమాట, పైన వచ్చే ప్రతి గది ఆ వంకర మోస్తుంది. పిల్లర్ల కోసం పైకి వదిలిన రాడ్లు డ్రాయింగ్‌లో ఉన్నచోటే ఉన్నాయా, పై రాడ్లతో జాయింట్‌కి తగినంత పొడవున్నాయా చూడాలి. రాడ్ మందానికి 50 రెట్లు అని సైట్లలో చెప్పే లెక్క ప్రకారం 16 ఎం.ఎం. రాడ్ 80 సెంటీమీటర్లు బయట ఉండాలి, అయితే డ్రాయింగ్‌లో ఏముంటే అదే ఫైనల్. చోటు తప్పిన రాడ్‌ని సుత్తితో వంచి సరిపెట్టడం మేస్త్రీలకి అలవాటు. ఇంజనీర్ చూడకుండా అది జరగనివ్వద్దు. ఇవన్నీ సరే అనుకున్నాక ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

కాంక్రీట్ పోస్తే లోపలివి కనపడవు కాబట్టి పోసేముందే ఫొటోలు తీయించండి. కవర్ బ్లాకులు (రాడ్లని అంచుకి దూరంగా ఉంచే చిన్న దిమ్మలు) ఉన్నాయా, మట్టి వైపు కవర్, అంటే రాడ్ మీద ఉండే కాంక్రీట్ మందం, డ్రాయింగ్‌లో చెప్పినంత (సాధారణంగా 50 ఎం.ఎం. లేదా అంతకంటే ఎక్కువ) ఉందా చూడండి. అన్నిటికంటే ముఖ్యం రాఫ్ట్, గోడ కలిసే జాయింట్. నీళ్లు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. అక్కడ వాటర్‌స్టాప్ పట్టీ (జాయింట్‌లోంచి నీరు రాకుండా ఆపేది) పెట్టారో లేదో మీ కళ్లతో చూడాలి. పోసే కాంక్రీట్‌తోనే 150 ఎం.ఎం. క్యూబులు (బలం పరీక్షకి పోసే దిమ్మలు) తీయించి 28 రోజుల టెస్ట్ రిపోర్ట్ తెప్పించుకోండి. క్యూరింగ్ (కాంక్రీట్‌ని తడిగా ఉంచడం) కనీసం 7 రోజులు, బ్లెండెడ్ సిమెంట్ (ఫ్లైయాష్ లేదా స్లాగ్ కలిపినది) అయితే 10 రోజులు.

గుంతలో దిగే మనుషుల సంగతి మరవద్దు. 1.5 మీటర్లు దాటిన నిలువు తవ్వకంలోకి ఆసరా కట్టకుండా, లేదా అంచులు వాలుగా చెక్కకుండా ఎవరినీ దించకూడదు. తవ్విన మట్టి అంచునే పోస్తే ఆ బరువుకే గుంత కూలుతుంది. కూలీల ఇన్సూరెన్స్ ఎవరి పేరున ఉందో అడగండి. పక్కింటి గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లని తేదీ పడేలా ఫొటోలు తీసి, ఒక కాపీ వాళ్లకే ఇవ్వండి.

డబ్బు దగ్గర, చివరి బిల్లులో 5 నుంచి 10 శాతం ఆపి, ఒక వానాకాలం గడిచాక ఇస్తానని మొదటిరోజే చెప్పండి. పని మీద నమ్మకమున్నవాడు దీనికి పెద్దగా వాదించడు.

ఇంకొకటి, పైపుల దారులు. డ్రైనేజీ, నీళ్లు, కరెంటు లైన్లు గోడలోంచి ఎక్కడెక్కడ వెళ్తాయో ఇంటి ప్లంబర్‌ని, ఎలక్ట్రీషియన్‌ని కాంక్రీట్‌కి ముందే పిలిచి మార్క్ చేయించి స్లీవ్‌లు (పైపు వెళ్లడానికి గోడలో ముందే ఉంచే గొట్టాలు) పెట్టించండి. తర్వాత ఎవరో డ్రిల్ పెట్టి వాటర్‌ప్రూఫ్ చేసిన గోడకి కన్నం కొడితే సెల్లార్ వాళ్ల వారంటీ అక్కడితో సరి. కొట్టక తప్పకపోతే వాళ్లనే పిలిపించి, వాళ్ల చేతే సీల్ చేయించండి. ఆ కూలీ ఇంటి కాంట్రాక్టర్ ఇవ్వనంటే మీరే ఇచ్చేయండి, లీకేజీ రిపేర్‌తో పోలిస్తే అదెంత!