రిటైరయ్యాక తిరుపతిలో పనీ మర్యాదా నిలుపుకోవడం ఎలా

మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి 2022 నుంచి విరమణ వయసు 62. శాలువా, దండ, గ్రూపు ఫొటో అయ్యాక మొదటి నెల హాయిగానే గడుస్తుంది. రెండో నెలకల్లా ఇంట్లోవాళ్ల కంటికి మనం ఖాళీగా కనబడతాం. గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, మనవడి స్కూలు వ్యాను అన్నీ మన ఖాతాలో పడతాయి. వద్దనక్కర్లేదు, టైము కట్టాలి. ‘పది దాకా ఇంటి పనులు నావి, పది నుంచి ఒంటిగంట దాకా నేను దొరకను’ అని మొదటి వారంలోనే చెప్పేయండి. ఆర్నెల్లు పోయాక చెబితే అలిగారనుకుంటారు.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకోండి. అందులో హోదా రాయొద్దు. ‘సూపరింటెండెంటు’ అంటే ఎదుటివాడికి ఏం ఉపయోగమో తెలీదు. ‘పెన్షన్ ఫైలు చూడగానే ఏ కాగితం తక్కువైందో చెప్పగలను’, ‘లెక్క తప్పిన పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో పట్టుకోగలను’, ‘తోతాపురి మామిడి లోడు తూకం చీటీలో తేడా ఉంటే కనిపెట్టగలను’, ‘యాభై మందికి వంట సరుకుల పట్టీ రాయగలను’ అని రాయండి. ఉద్యోగం చేయని ఇల్లాలికీ ఇదే పద్ధతి. ఇలాంటివి పది రాసి, అందులో రెండింటి గురించే అవసరమున్నవాళ్లకు కబురు పంపండి.

పని ఎంచుకునేముందు మూడు చూసుకోవాలి. ఏ రోజు, ఏ టైము అన్నది ఖాయంగా ఉందా? నడిచో, ఒకే బస్సులోనో చేరగలమా? (అరవై దాటితే ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, వయసు తెలిపే కార్డు జేబులో ఉంచుకోండి.) మూడోదే అసలుది: మనం ఒకరోజు వెళ్లకపోతే ఎవరైనా ‘ఏం సార్, రాలేదే’ అని ఫోన్ చేస్తారా? చేయరంటే అది కాలక్షేపమే. పార్కులో కబుర్లు మంచివే, దాన్ని పనిగా లెక్కేసుకోకండి.

తిరుపతిలో అందరూ మొదట అనేది శ్రీవారి సేవ. తప్పకుండా చేయండి, కాకపోతే వయసు నిబంధన ముందే చూసుకోండి. నిలబడే పని ఎక్కువ, మోకాళ్ల సంగతి మీకే తెలుసు. పైగా అది సాధారణంగా వారం రోజుల సేవ. ఏడాదిలో మిగతా యాభై ఒక్క వారాల మాటేమిటి?

ఊళ్లోనే కుదిరేవి ఉన్నాయి. సంక్షేమ హాస్టల్లో పదో తరగతి పిల్లలకు ఒక్క సబ్జెక్టు, వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు. వార్డెన్‌ను జూన్, జూలైలోనే కలవండి. జనవరిలో వెళితే మార్చి పరీక్షల హడావుడిలో కొత్త మనిషి వాళ్లకు భారమే. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో పలమనేరు, సత్యవేడు నుంచి వచ్చినవాళ్లకు ఓపీ కౌంటరు చూపించడం కూడా పెద్ద సాయం. అయితే ముందుగా సూపరింటెండెంటు ఆఫీసుకు దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోండి. మెడలో కార్డు లేకుండా తిరిగితే దళారీ అనుకుంటారు.

చాలామంది దెబ్బతినేది రెండు చోట్ల. ఒకేసారి నాలుగు కమిటీల్లో చేరడం ఒకటి; ఒక పని మూడు నెలలు నిలబడ్డాకే రెండోది ఒప్పుకోండి. వెళ్లిన మొదటి వారమే ‘మా కాలంలో’ అని మొదలుపెట్టడం రెండోది. మొదటి నెలంతా అడగండి, రెండో నెలలో చెప్పండి.

ఇక వయసును చూసి తీసిపారేసే మాటలు. మొదట మన నోటి నుంచి వచ్చేవాటినే ఆపాలి. ‘ఈ వయసులో నాకెందుకులే’ అని మనమే అంటే ఎదుటివాడు వెంటనే ఒప్పేసుకుంటాడు. అమెరికాలోని ఒహాయోలో యాభై దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. తమ వయసు మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని బెకా లెవీ బృందం అందులో తేల్చింది. ఫోన్ నేర్చుకునేటప్పుడూ అంతే. మనవడు లాక్కుని నొక్కేస్తే ‘నాయనా, నువ్వు చెప్పు, నేను నొక్కుతా’ అనండి. వరసగా మూడుసార్లు మీరే చేసి, ఒక్కో మెట్టూ కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో డబ్బుల యాప్ వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు, అడిగారంటే మోసమే.

డాక్టరు మిమ్మల్ని వదిలి కొడుకుతో మాట్లాడుతుంటే, రోగి కుర్చీలో మీరే కూర్చుని చీటీ ముందు పెట్టండి: బాధ ఎప్పటినుంచి, వాడుతున్న మందులు, అడగాల్సిన ఒక్క ప్రశ్న. ‘వయసు కదా పెద్దాయనా, ఇంతే’ అంటే, ‘ఇదే నొప్పి నలభై ఏళ్లవాడికొస్తే ఏ పరీక్ష రాస్తారు సార్?’ అని మర్యాదగా అడగండి. చాలాసార్లు కలం కదులుతుంది.

బ్యాంకులో ‘మీ అబ్బాయిని పంపండి’ అంటే వాదన వద్దు. వృద్ధులకు ప్రత్యేక కౌంటరు, 70 దాటినవాళ్లకు ఇంటివద్ద ప్రాథమిక సేవలు ఉండాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, నంబరు 14448. ఆరోగ్య బీమాకు ‘65 దాటారు, ఇవ్వం’ అనే ఏజెంటు మాట కూడా పాతబడింది. 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు అడ్డు తీసేశారు. ప్రీమియం మాత్రం బరువే. పాత జబ్బులు దాచకుండా రాయండి, క్లెయిములు ఆగేది ఎక్కువగా అక్కడే.

ఇంట్లో అతి కష్టమైన విషయం ఆస్తి. ప్రేమకొద్దీ ఇల్లు పిల్లల పేర రాసేటప్పుడు ‘జీవితాంతం నా తిండి, వసతి, వైద్యం చూడాలి’ అనే షరతు దస్తావేజులోనే ఉండాలి. నోటిమాటగా వదిలేస్తే తర్వాత రుజువు చేయడం చాలా కష్టం. షరతు ఉండీ చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీవో ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. దస్తావేజు నకలు, ఆధార్, బ్యాంకు పుస్తకం, మందుల బిల్లులు ఒకే కవరులో పెట్టుకుని వెళ్లండి. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు.