ఫార్మాట్ కొట్టే ముందు వీడియోల సంగతి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పట్నుంచి కొత్త విండోస్ వేసుకోవడానికి తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు కంప్యూటర్ ఫార్మాట్ కొడుతూనే ఉన్నారు. "అన్నీ కాపీ చేసేశా, ఇక కొట్టేయొచ్చు కదా?" అని ఫోన్ చేస్తారు. "కాపీ అయినవాటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశావా?" అని అడుగుతాను. అవతల కాసేపు మౌనం.

ఆ మౌనం నాకు బాగా తెలుసు. మా అమ్మాయి మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు తీసిన గంటన్నర వీడియో అలాగే పోగొట్టుకున్నాను. ఫోల్డర్ మొత్తం పెన్ డ్రైవ్‌లోకి లాగి వదిలేసి వేరే పనిలో పడ్డాను. మధ్యలో ఏదో బాక్స్ వస్తే చదవకుండానే 'స్కిప్' నొక్కాను. ఫార్మాట్ అయ్యాక చూస్తే పనికిరాని పది సెకన్ల క్లిప్పులతో సహా అన్నీ ఉన్నాయి, అదొక్కటి తప్ప. 'ఈ డ్రైవ్‌లో పట్టనంత పెద్ద ఫైల్' అన్నది ఆ బాక్స్ సారాంశం. డ్రైవ్‌లో చూస్తే ఇంకా 50 జీబీ ఖాళీ. వీడియో 6 జీబీయే. తిరకాసు ఎక్కడంటే, ఆ పెన్ డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది. అంటే డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే పాత పద్ధతి (ఫైల్ సిస్టమ్). అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు.

కాబట్టి ముందు డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'ఫైల్ సిస్టమ్' దగ్గర ఏముందో చూడండి. ఫ్యాట్32 అని ఉంటే, అందులోని సరుకు వేరేచోటికి మార్చి, డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. విండోస్‌లో మాత్రమే వాడేదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇంకా మంచిది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని మ్యాక్‌కి పెడితే మామూలుగా చదవడమే తప్ప రాయడం కుదరదు.

"నావి డి డ్రైవ్‌లో ఉన్నాయి, సి మాత్రమే ఫార్మాట్ చేస్తా" అనే ధీమా ఒకటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లో గీసిన గీతలే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తప్పు లైన్ మీద 'డిలీట్' నొక్కితే డి కూడా పోతుంది. డి డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్‌లో డ్రైవ్‌కి వేసే తాళం) వేసి, దానంతటదే తెరుచుకునేలా పెట్టుకున్నారనుకోండి, సి పోయాక అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అదే కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్‌లో దాచుకున్నవాళ్లనూ చూశాను! పోయాక సాఫ్ట్‌వేర్‌తో లాగొచ్చులే అనుకోవద్దు. పాత హార్డ్ డిస్క్‌లలో కొంత ఆశ ఉండేది. చిప్‌లతో పనిచేసే కొత్తరకం డిస్క్ ఎస్ఎస్‌డీలో, చెరిపేసిన చోటును ఖాళీ చేసేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపేసినవి దాదాపు తిరిగి రావు.

ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ లాంటివి వాడేవాళ్లు ఫైల్ పేరు పక్కన గుర్తు గమనించండి. నీలం మబ్బు ఉంటే ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. ఇక సింక్ అంటే బ్యాకప్ కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది.

ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదు, వీడియో ఎక్కడుందో ఆ అడ్రస్ ఉంటుంది. ప్రీమియర్ ప్రోలో 'ప్రాజెక్ట్ మేనేజర్' వాడితే అన్నీ ఒకచోటికి చేరతాయి. డావిన్చి రిజాల్వ్ అయితే ప్రాజెక్టులను మామూలుగా మీ ఫోల్డర్లలో కాక తన డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. ఫోల్డర్లు ఎంత శ్రద్ధగా కాపీ చేసినా ఎడిటింగ్ పనంతా అక్కడే ఉండిపోతుంది. ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాల్సిందే.

సేవ్ కాని, తెరుచుకోని వీడియోలుంటే వాటి పని కూడా ఫార్మాట్‌కు ముందే చూసుకోండి. మామూలు ఎంపీ4 ఫైల్‌లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచిక చాలాసార్లు రికార్డింగ్ ఆపినప్పుడు, చివర్లో రాయబడుతుంది. కరెంటు పోయినా, డిస్క్ నిండిపోయినా ఆ సూచిక పడదు. ఫైల్ 5 జీబీ ఉంటుంది, ప్లే మాత్రం అవదు. అలాంటిదాన్ని డిలీట్ చేయకండి. అదే కెమెరాతో, అవే సెట్టింగ్స్‌లో తీసిన మంచి క్లిప్ ఒకటి పక్కన ఉంచండి. దాన్ని నమూనాగా తీసుకుని చెడిన ఫైల్‌ని బాగుచేసే టూల్స్ ఉన్నాయి. స్క్రీన్ రికార్డింగ్ ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసేవాళ్లు ఎంకేవీ అనే వీడియో ఫార్మాట్‌లో రికార్డ్ చేసి తర్వాత ఎంపీ4కి మార్చుకుంటే మధ్యలో ఆగినా అప్పటివరకు తీసింది దక్కుతుంది. ఎడిట్ చేసిన వీడియో ఎక్స్‌పోర్ట్ చివరిదాకా వచ్చి ఆగిపోతుంటే ఖాళీ ఎంతుందో లెక్క చూడండి: 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్ల) వీడియో గంటకు 22.5 జీబీ తింటుంది. బయటి డ్రైవ్‌లోకి నేరుగా కాకుండా లోపలి డిస్క్‌లోకి తీసి, తర్వాత కాపీ చేయడం నా అలవాటు.

కాపీకి రాత్రంతా పట్టినా కంగారు పడొద్దు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 30, 40 ఎంబీకి మించి రాదు, అంటే 500 జీబీకి సుమారు మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు. చార్జర్ పెట్టి, స్లీప్ ఆఫ్ చేసి వదిలేయండి. 100 శాతం అన్నాక కూడా డ్రైవ్‌ని లాగేయకండి, 'ఎజెక్ట్' కొట్టాకే తీయండి.

తర్వాత రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, 'సైజ్' పోల్చండి. కింద ఉండే 'సైజ్ ఆన్ డిస్క్' తేడాగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, డ్రైవ్‌ని బట్టి అది మారుతుంది. అన్నిటికన్నా పొడవైన వీడియోని వేరే కంప్యూటర్‌లో తెరిచి, చివరి నిమిషానికి లాగి చూడండి. ప్రాణంతో సమానమైనవి ఉంటే రెండో డ్రైవ్‌లో కూడా వేయండి.

ఇన్‌స్టాలర్ తెరిచాక డ్రైవ్‌లు డిస్క్ 0, డిస్క్ 1 అన్న పేర్లతో కనిపిస్తాయి. ఏది మీ బ్యాకప్‌దో అక్కడ పోల్చుకోవడం కష్టం. అందుకే బయటి డ్రైవ్ పీకేసి, అలమరాలో పెట్టొచ్చాకే మొదలుపెట్టండి.