పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లను కొత్తగా వినేవారు ఏ వరసలో, ఎలా వినాలి?

పింక్ ఫ్లాయిడ్ పాట ఒకటి ఎక్కడో చెవిన పడి, ఇంకా వినాలనే కోరిక కలిగినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. 1965లో లండన్‌లో ఏర్పడిన ఈ రాక్ బృందం 1967 నుంచి 2014 వరకు 15 స్టూడియో ఆల్బమ్‌లు వెలువరించింది. విడుదలైన వరసలోనే వినడం సబబుగా తోస్తుంది గానీ, దానివల్ల చాలామంది మూడో ఆల్బమ్ దాటకుండానే ఆగిపోతారు. ఎందుకంటే తొలినాళ్ల పింక్ ఫ్లాయిడ్‌కూ, తర్వాత లోకమంతా ఎరిగిన పింక్ ఫ్లాయిడ్‌కూ పోలిక చాలా తక్కువ. నడిమధ్యన మొదలుపెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు రావడమే మంచి పద్ధతి.

వినడానికి ముందు

పేరుపొందిన పాటలను ఏరి కూర్చిన సంకలనాలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ బృందం ఆల్బమ్‌లలో ఒక పాట ముగిసేలోపే మరొకటి అందులోంచి పుట్టుకొస్తుంది కాబట్టి, విడిగా తీసిన పాట చిరిగిన పుటలా మిగిలిపోతుంది. మీరు వాడే యాప్‌లో పాటల క్రమాన్ని మార్చే షఫుల్‌నూ, ఒక పాట చివరను తర్వాతి పాటలో కలిపేసే క్రాస్‌ఫేడ్‌నూ ఆపేయండి. పాటల మధ్య విరామం లేకుండా వినిపించే సదుపాయం ఉంటే దాన్ని తప్పక వాడండి. ఒక్కో ఆల్బమ్‌కు కనీసం వారం రోజులు కేటాయించండి. మొదటిసారి కేవలం వినండి, రెండోసారి సాహిత్యాన్ని ఎదుట పెట్టుకుని వినండి.

మొదటి మెట్టు: 1973

‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’తో మొదలుపెట్టండి. దీని నిడివి సుమారు 43 నిమిషాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేతిలో మరే పనీ లేకుండా ఒకే విడతలో వినండి. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగిసే ఈ ఆల్బమ్‌లో కాలం, డబ్బు, మరణం, మతిభ్రమ వంటి విషయాలు ఒకే సూత్రానికి గుచ్చినట్టు సాగుతాయి. ‘టైమ్’ పాటను కాస్త దగ్గరగా గమనించండి. సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్ గడియారాల దుకాణంలో విడివిడిగా రికార్డు చేసిన మోతలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి, తర్వాత నిక్ మేసన్ డ్రమ్ముల మీద నింపాదిగా దారి పరుస్తూ పోతాడు. రెండు నిమిషాలు దాటితే గానీ గొంతు వినపడదు. ఆ నిరీక్షణకు అలవాటుపడటమే ఈ బృందాన్ని వినడం నేర్చుకోవడం. ‘మనీ’ వచ్చినప్పుడు చేత్తో తాళం వేసి చూడండి: ఏడు దెబ్బల లెక్కలో నడిచే పాట, గిటార్ సోలో దగ్గర నాలుగు దెబ్బలకు మారి, ఒక్కసారిగా పరుగందుకుంటుంది.

రెండో మెట్టు: రెండేళ్లు వెనక్కి

తర్వాత 1971 నాటి ‘మెడిల్’ వినండి. ఎల్పీ రికార్డు రెండో పక్కంతా ఒకే పాట, ‘ఎకోస్’, 23 నిమిషాలకు పైగా సాగుతుంది. నీటిలో బొట్టు రాలినట్టు ఒకే ఒక్క స్వరం మోగి, ఆగి, మళ్లీ మోగుతుంది. రిచర్డ్ రైట్ పియానో స్వరాన్ని లెస్లీ స్పీకర్ (ధ్వనిని తిప్పుతూ వణికించే స్పీకర్) గుండా పంపగా వచ్చిన ధ్వని అది. 1973లో పండిన విత్తనం ఇక్కడే కనిపిస్తుంది.

మూడో మెట్టు: 1975, అక్కడి నుంచి 1967

నా దృష్టిలో ఈ ప్రయాణానికంతటికీ గుండెకాయ ఈ మెట్టే. ‘విష్ యు వర్ హియర్’ ఆల్బమ్ మొదట్లోనూ చివర్లోనూ రెండు ముక్కలుగా పరచుకున్న ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’లో, ఎనిమిది నిమిషాలు దాటేవరకు పాట అందుకోరు. అంతకుముందు డేవిడ్ గిల్మోర్ గిటార్ మీద వాయించే నాలుగు స్వరాలను గుర్తుపెట్టుకోండి. అవి సిడ్ బ్యారెట్‌ను తలచుకుంటూ కట్టిన పాటకు ప్రాణం. బృందానికి తొలి సారథి, మొదటి ఆల్బమ్‌లో అధికభాగం పాటలు రాసినవాడు అయిన బ్యారెట్, మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో బృందానికి దూరమయ్యాడు. 1975 జూన్‌లో ఈ ఆల్బమ్ పని జరుగుతుండగా అతను ఆబీ రోడ్ స్టూడియోకు చెప్పకుండా వచ్చినప్పుడు, తల, కనుబొమలు గొరిగించుకుని, లావెక్కి ఉన్న ఆ మనిషిని పాత సహచరులే కొంతసేపు గుర్తుపట్టలేకపోయారు.

ఇది తెలుసుకున్నాక 1967 నాటి ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ పెట్టండి. పిల్లల కథల్లాంటి ఆ పాటల్లోని కొంటెతనమూ మెరుపూ, తర్వాతివాళ్లు ఎవరి కోసం అంత దుఃఖపడ్డారో చెబుతాయి. ఇదే ఆల్బమ్‌ను మొదటే విని ఉంటే వింతగా మాత్రమే అనిపించేది.

నాలుగో మెట్టు: 1977, 1979

ఇక బృందంలో బాస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ రచన పైచేయి సాధించిన కాలానికి రండి. ‘యానిమల్స్’లో రెండు చిన్న పాటల నడుమ మూడు పెద్ద పాటలుంటాయి, సమాజాన్ని కుక్కలుగా, పందులుగా, గొర్రెలుగా విడదీసి చూసే కోపం వాటిలో ఉంది. సాహిత్యం చదవకుండా దీన్ని వినవద్దు. రెండు రికార్డుల ‘ద వాల్’ ఒక గాయకుడు తన చుట్టూ గోడ కట్టుకునే కథ కాబట్టి సాంతం వినే తీరిక ఉన్న రోజునే పెట్టండి. చిట్టచివర సగంలో తెగిపోయే మాటను విని, వెంటనే మొదటికి వెళ్లండి: ఆ వాక్యంలో మిగిలిన సగం అక్కడ వినిపిస్తుంది.

మిగిలినవి

1968 నుంచి 1970 వరకు వచ్చిన ప్రయోగాలను ఇప్పుడు ఓపికకొద్దీ వినవచ్చు. ‘ఉమ్మాగుమ్మా’లో స్టూడియో భాగం కంటే ప్రత్యక్ష కచేరీ భాగమే నాకు మిన్నగా తోస్తుంది. వాటర్స్ విడిపోయాక వచ్చినవాటిలో 1994 నాటి ‘ద డివిజన్ బెల్’ ముందు వినండి. 2014 నాటి ‘ది ఎండ్‌లెస్ రివర్’ను మాత్రం అన్నిటికన్నా చివరికి ఉంచుకోండి. దాదాపుగా పాటలు లేని ఆ సంగీతానికి మూలం ‘డివిజన్ బెల్’ కాలంలో రికార్డు చేసిన వాయిద్యాలు. 2008లో కన్నుమూసిన రైట్ కీబోర్డు అందులో అడుగడుగునా వినిపిస్తుంది. అప్పటికి, ‘ఎకోస్’ మొదట్లో ఆ ఒక్క స్వరాన్ని మీటిన చేతిని మీరు పేరు చూడకుండానే పోల్చుకోగలుగుతారు.