టెర్మినల్‌లో అనేక ఫైళ్ల పేర్లు మార్చడం, ఒకచోటికి కాపీ చేయడం

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్టుమెంటు తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఉగాది జరుపుకున్నప్పుడు, ముగ్గురు తీసిన ఫొటోలు మూడు ఫోల్డర్లుగా నా లినక్స్ ల్యాప్‌టాప్‌కు చేరాయి. మూడింటిలోనూ ‘ఐఎంజీ 0412’ వంటి పేర్లే ఉన్నాయి. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, వాటిని అలాగే ఒకే ఫోల్డరులోకి కాపీ చేస్తే, తర్వాత వచ్చిన ఫైలు అదే పేరున్న పాత ఫైలును ఏ హెచ్చరికా లేకుండా చెరిపేస్తుంది. కాబట్టి ముందు పేర్లు మార్చి, ఆ తర్వాతే ఒకచోట చేర్చాలి.

కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఆంగ్లంలో చిన్న అక్షరాలు వాడాలి, ఐఎంజీకి మాత్రం పెద్ద అక్షరాలు, ఎందుకంటే లినక్స్‌కు ఆ రెండూ వేరు.

ముందుగా కాపీ చేసే కమాండు ‘సీపీ -ఏ’తో ప్రతి ఫోల్డరుకూ నకలు తీసి పెట్టుకోవాలి, ఫైళ్ల తేదీలు కూడా చెదరవు. తర్వాత మొదటి ఫోల్డరులోకి వెళ్లి ఈ వరుస ఇవ్వాలి:

ఫర్ ఎఫ్ ఇన్ ఐఎంజీ*; డూ ఎకో ఎంవీ -ఎన్ "$ఎఫ్" "ఒకటి-$ఎఫ్"; డన్

ఇది ఐఎంజీతో మొదలయ్యే ఒక్కో ఫైలునూ ‘ఎఫ్’గా తీసుకుంటుంది; ఎంవీ దాని పేరు మారుస్తుంది, -ఎన్ ఉంటే అదే పేరున్న ఫైలును చెరపదు. ఎకో ఉన్నంతవరకు ఏదీ మారదు, జరగబోయేది తెరపై కనిపిస్తుంది. పేర్లు సరిగ్గా ఉన్నాయని కళ్లారా చూసుకున్నాకే ఎకో తీసేసి మళ్లీ నడపాలి. పేరులో ఖాళీ ఉంటే షెల్, అంటే మన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం, దాన్ని రెండు ముక్కలుగా తీసుకుంటుంది, అందుకే ఆ కొటేషన్ గుర్తులు. మిగతా ఫోల్డర్లకు ‘రెండు’, ‘మూడు’ అని మార్చితే చాలు.

స్టార్ గుర్తు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పేది షెల్; ఎంవీకి అందేది ఆ పేర్ల జాబితా మాత్రమే. రెండే ఫైళ్లున్న ఫోల్డరులో గమ్యం రాయడం మరిచి ‘ఎంవీ *’ అని ఎంటర్ నొక్కితే, మొదటి ఫైలు రెండోదాని పేరు తీసుకుంటుంది, రెండోది పోతుంది, ట్రాష్‌లోనూ దొరకదు.

చివరగా ‘సీపీ -పీ -ఐ’తో మూడింటినీ కొత్త ఫోల్డరులోకి చేర్చాలి, -పీ తేదీలను నిలుపుతుంది, పేరు ఢీకొంటే -ఐ అడుగుతుంది. ఆపై కొత్త ఫోల్డరులోకి వెళ్లి, ఫైళ్లను లెక్కపెట్టే ‘ఎల్‌ఎస్ | డబ్ల్యూసీ -ఎల్’ చూపే లెక్క మూడు ఫోల్డర్ల మొత్తంతో సరిపోయాకే పాతవి తీసేయాలి.